బుస్సీ – బందరు కోట

మచిలీపట్టణమునకు ఆగ్నేయ దిక్కున, సముద్రమునకు చేరువగా, ఉప్పు పర్రల నడుమ ఒక పాత కోట శిథిలమై పడియున్నది. జనులు దానిని బందరు కోట యందురు. పూర్వపు ఆయుధశాల గోడలును, మరి ఒకటి రెండు కట్టడములును తప్ప అచ్చట చూడదగినవి అంతగా మిగులలేదు. ఒకప్పుడు ఆ కోటకు 11 బురుజులుండెను. కోట చుట్టును సముద్రపు పోటుతో నిండు కందకముండెను. బురుజులపై నూరుకు మించిన ఫిరంగులు నిలిచియుండెను. ఆ కాలమున ఈ కోట ఎవరి చేతిలో నున్నదో వారిదే తెలుగు తీరము.

బందరు పట్టణమున నేటికిని వలందపాలెము, ఇంగిలీషుపాలెము, పరాసుపేట అను పేరులు వినబడుచున్నవి. వలందులనగా హాలండు దేశస్థులు; పరాసులనగా ఫ్రెంచివారు. ఆ పరాసులలో తెలుగునాట పిల్లలకు సైతము తెలిసిన పేరు బుస్సీ. బొబ్బిలి కథను విన్నవారెవ్వరును ఆ పేరును మరువజాలరు. ఐనను బుస్సీ జీవితమున బొబ్బిలి యుద్ధము ఒక్కనాటి ముచ్చట. అతని బలమునకు పునాదియైనది బందరు కోట. అతడు లేని వేళ ఆ కోట ఒక్క రాత్రిలో పడిపోగా, అతడు పదేండ్లు శ్రమించి కూర్చిన దంతయు దానితో పాటు పడిపోయెను.

బుస్సీ పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పతిస్యే ద బుస్సీ. ఫ్రాన్సు దేశమున స్వాసోను పట్టణ ప్రాంతమున, వంశగౌరవమే తప్ప కలిమి లేని కుటుంబమున అతడు జన్మించెను. అట్టి యింట పుట్టిన యువకులకు ఆ దినములలో రెండే దారులుండెను: ఒకటి మతాధికారము, రెండవది సైన్యము. బుస్సీ రెండవ దానిని ఎంచుకొని, ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ కొలువులో చేరి, 1746వ సంవత్సరమున పుదుచ్చేరికి వచ్చెను. అప్పుడు పుదుచ్చేరికి గవర్నరు డూప్లే. వర్తకము చేసికొనుటకు వచ్చిన కంపెనీ రాజ్యములనే ఏలవచ్చునని మొదట గ్రహించినవాడతడు. అతని ఊహలకు తగిన చేయి బుస్సీలో దొరికెను.

1750వ సంవత్సరమున సెప్టెంబరు నెలలో బుస్సీ పేరు దక్షిణదేశమంతట మారుమ్రోగెను. మూడు కొండలపై మూడు దుర్గములుగా కట్టబడిన జింజికోట అభేద్యమని ప్రసిద్ధి. బుస్సీ దాని ద్వారమును మందుగుండుతో పగులగొట్టించి, రాత్రంతయు పోరాడి, తెల్లవారునప్పటికి దానిని వశపరచుకొనెను. అదే సంవత్సరమున, దానికి కొలది నెలలు ముందుగా, డూప్లే రెండు ఓడలలో సైనికుల నంపి, మరియొక రాత్రి బందరును పట్టించెను. అచ్చటి కాపలాదారులు గట్టిగ ఎదిరింపనే లేదు. సులువుగా చిక్కిన ఆ రేవు ఎంతటి విలువ గలదో తరువాత బుస్సీయే లోకమునకు చూపెను.

ఆ దినములలో దక్కను సుబేదారీకై నిజాముల్ ముల్కు సంతతిలో వారసత్వ కలహము జరుగుచుండెను. సుబేదారుగా నున్న నాజరు జంగు 1750 డిసెంబరున తనవారి ద్రోహమువలననే హతుడు కాగా, అతని మేనల్లుడు ముజఫరు జంగు ఫ్రెంచివారి అండతో ఆ పదవి నందెను. అతనిని రాజధానికి చేర్చు భారము బుస్సీపై పడెను. బుస్సీ వెంట నున్నది 300 మంది యూరోపియనులు, 2,000 మంది సిపాయిలు మాత్రమే. త్రోవలో, కడప సీమయందు, పఠాను నవాబులు తిరుగబడిరి. ఆ పోరులో ముజఫరు జంగు మరణించెను. సైన్యము చెల్లాచెదరగు నట్లుండెను. జీతమిచ్చువాడు లేడు, ఆజ్ఞ చేయువాడు లేడు. అట్టి సమయమున బుస్సీ తొందరపడలేదు. శిబిరములోనే బందీగా నున్న సలాబతు జంగును, అనగా నిజాముల్ ముల్కు కుమారునొకనిని, బయటికి రప్పించి అతనిని సుబేదారుగా ప్రకటించెను. కొన్ని గంటలలో దక్కను రాజ్యమునకు కొత్త ప్రభువు ఏర్పడెను. ఆ ప్రభువు జీవితాంతము ఆ మేలును తలచుచుండెను. ఆ మేలు చేసినవానికి జంకుచును ఉండెను.

తరువాత ఏడేండ్లు హైదరాబాదునను ఔరంగాబాదునను బుస్సీ మాటకు తిరుగు లేకుండెను. 1751వ సంవత్సరమున మరాఠాలు దండెత్తి వచ్చినప్పుడు, చంద్రగ్రహణమునాటి రాత్రి వారి శిబిరమున స్నానములు పూజలు జరుగుచుండగా, బుస్సీ హఠాత్తుగ ఫిరంగులతో పైబడి వారిని చెదరగొట్టెను. ఏనుగులు, అంబారీలు, వింజామరలతో అతడు దర్బారునకు పోవునప్పుడు చూచువారికి అతడొక దేశీయ ప్రభువుగనే తోచెడివాడు. ఆ వైభవమంతయు అతనికి ప్రీతియే. కాని తన సిపాయిలు పల్లెలను దోచుకొనకుండ గట్టి కట్టుబాటు చేయుట కూడ అతనికి తెలియును.

ఇంత బలము గలవానికి ఒక్క లోపముండెను. అది డబ్బు. సైన్యమునకు జీతములు సుబేదారు బొక్కసమునుండి రావలెను. ఆ బొక్కసపు తాళము చెవులు దివాను చేతిలో నుండెను. ఫ్రెంచివారి పలుకుబడి దర్బారులోని పెద్దలకు కంటగింపుగా నుండెను. 1753వ సంవత్సరారంభమున బుస్సీ జబ్బుపడి, గాలి మార్పునకై బందరు వచ్చెను. అతడు కనుమరుగైన వెంటనే దివాను జీతములు నిలిపివేసి, ఫ్రెంచి సైనికులను చిన్న చిన్న దళములుగా చీల్చి పన్నుల వసూలు నెపమున దూరదేశములకు పంపెను. ఆకలిగొన్న సైన్యము కట్టు తప్పెను. డూప్లే వేడుకొనగా, ఇంకను పూర్తిగ కోలుకొనని బుస్సీ బందరునుండి బయలుదేరి హైదరాబాదు చేరి, చెదరిన దళములను ఒకచోట కూర్చి, ఔరంగాబాదునకు నడచెను. దివాను లొంగెను. బుస్సీ అప్పుడు పగ తీర్చుకొనుటకు చూడలేదు. ఇకమీదట జీతములకై ఒకరిని యాచింపవలసిన పని లేకుండ చేసికొనుటయే అతని ఆలోచన. 1753 నవంబరున సలాబతు జంగు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల శిస్తును ఫ్రెంచి సైన్యపు ఖర్చునకై వ్రాసియిచ్చెను. ఆనాటి లెక్కల ప్రకారము ఉత్తర సర్కారుల ఆదాయము ఏటికి 40 లక్షల రూపాయలకు తక్కువ కాదు.

ఇతర ప్రాంతములు ఎన్నో ఉండగా బుస్సీ ఈ సర్కారులనే ఏల కోరెను? తెలుగు తీరము పటమును చూచిన యెడల సమాధానము దొరకును. కృష్ణా గోదావరుల నడుమ నున్న ఆ భూములు సారవంతములు. నేతగాండ్రు, వర్తకులు కిక్కిరిసినవి. వీటన్నిటికిని సముద్రద్వారము బందరు. పుదుచ్చేరినుండి ఓడలలో వచ్చు ఫిరంగులు, మందుగుండు, కొత్త సైనికులు ముందు అక్కడనే దిగవలెను. తీరమున నీరు లోతు లేనందున ఓడలు కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసికొనెడివి. మనుష్యులును సరకులును పడవలపై వాగు ముఖమున ప్రవేశించి కోట దరికి చేరెడివారు. అక్కడినుండి సుమారు 40 మైళ్లు బండ్లబాటను నడచినచో బెజవాడ. నేడు విజయవాడలో వన్ టౌన్ అని పిలువబడు పాత ఊరే ఆనాటి బెజవాడ. ఒక ప్రక్క ఇంద్రకీలాద్రి, ఒక ప్రక్క కృష్ణ. అది దాటిన కొండపల్లి. ఆపై హైదరాబాదు దారి. ఈ దారి తెరచియున్నంత వరకు సుబేదారు దర్బారులో ఎవ్వరెట్టి కుట్ర చేసినను బుస్సీకి భయము లేదు. అందుచేత ఫ్రెంచివారు బందరు కోటను శ్రద్ధతో బలపరచిరి.

ఆ కోట నెలకొన్న తీరు విచిత్రమైనది. దక్షిణమున సముద్రపు పాయ యొకటి కోట గోడను ఒరసికొని పోవుచుండెను. తక్కిన వైపుల, మనిషి దిగిన మోకాలు దాక, కొన్ని చోట్ల నడుము దాక కూరుకొనిపోవు బురద నేల. పట్టణమునుండి కోటకు ఒక్కటే గట్టుబాట. కోట గోడలను తీర్చి, కొణములందు బురుజులను కట్టి, అడుగున కందకము త్రవ్విరి. ఓడలతో వచ్చు శత్రువునకు లోతులేని తీరము అడ్డు. నేలమీద వచ్చువానికి బురద అడ్డు. కట్టినవారికి కోటమీద ఎంత నమ్మకమో, బురదమీద అంతకు రెట్టింపు నమ్మకముండెను.

ఈ ఏర్పాటు ఎంత దూరదృష్టితో కూడినదో 1756వ సంవత్సరమున రుజువయ్యెను. అప్పటికే డూప్లే స్వదేశమునకు పిలువబడి పోయియుండెను. సావనూరు యుద్ధయాత్రలో శత్రుపక్షపు మంత్రుల మాట విని సలాబతు జంగు బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ మారు మాటాడక బందరు దారి పట్టినట్లు నటించి హైదరాబాదు చేరి, చార్ మహల్ అను తోటలో తన చిన్న సైన్యముతో చొరబడి కూర్చుండెను. సుబేదారు సేనలు చుట్టుముట్టెను. బుస్సీ ప్రాణములు బందరునుండి రావలసిన సహాయముపై నిలిచెను. పుదుచ్చేరినుండి ఓడలలో వచ్చిన దళము లా అను సేనాని నాయకత్వమున బందరున దిగి బెజవాడకు నడచెను. అది వానకాలము. కృష్ణ పొంగి, వాగులు నిండి, దారులు మునిగి, ఆ దళము కొన్నాళ్లు బెజవాడ దగ్గరనే చిక్కుపడిపోయెను. హైదరాబాదులో రోజులు లెక్కపెట్టుకొనుచున్న బుస్సీకి ఆ వరద ఎంతటి శత్రువో ఊహింపవచ్చును. తుదకు ఆగస్టు నడుమ లా అడవిదారులలో పోరాడుచు హైదరాబాదు చేరెను. వెంటనే సలాబతు జంగు సంధి చేసికొని బుస్సీని మరల గౌరవముతో స్వీకరించెను.

ఆ కలత అణగిన పిదప, కప్పము చెల్లింపక కూర్చున్న జమీందారులను చక్కబెట్టుటకై బుస్సీ ఉత్తర సర్కారులకు వచ్చెను. ఈ యాత్రయందే బొబ్బిలి సంభవించెను. విజయనగర ప్రభువు విజయరామరాజునకును బొబ్బిలి ప్రభువు రంగారావునకును చిరకాల వైరము. విజయరామరాజు బుస్సీకి ఆప్తుడు. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము సర్కారులను గుత్తకు తీసికొన్నవాడు. బొబ్బిలిని విడిచి వేరొక చోట భూములు తీసికొమ్మని రంగారావునకు వర్తమానము పోయెను. తాతలనాటి కోటను విడుచుట అతనికి చావుతో సమానము. 1757 జనవరి 24వ తేదీన ఫిరంగులు బొబ్బిలి మట్టికోటపై మ్రోగెను. గెలుపు అసాధ్యమని తెలిసిన వెలమ వీరులు తమ స్త్రీలను పిల్లలను తామే కడతేర్చి, తుదివరకు పోరాడి నేలకూలిరి. ఒక ముదుసలి కాపాడి తెచ్చిన పసిబాలుడు మాత్రము బ్రతికెను. కొలది రాత్రుల పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారమున దూరి అతనిని చంపి పగ తీర్చుకొనెను. ఆ దృశ్యమును చూచి బుస్సీ మిక్కిలి పరితపించెనని చెప్పుదురు. పరితపించుట నిజమే కావచ్చును. కాని ఇరుగుపొరుగు ప్రభువుల పగకు తన ఫిరంగులను అరువిచ్చినవాడు అతడే. ఆ మచ్చ అతని కీర్తిపై నేటికిని చెరగలేదు.

అదే సంవత్సరము జూను నెలలో బుస్సీ విశాఖపట్టణమున ఇంగ్లీషువారి స్థావరమును పట్టుకొనెను. తీరమంతయు ఫ్రెంచివారి వశమయ్యెను. 1758వ సంవత్సరారంభమునకు అతని పలుకుబడి శిఖరమునకు చేరెను. అప్పుడే పుదుచ్చేరిలో ఒక కొత్త దొర దిగెను. అతడు లాలీ. ఫ్రాన్సు రాజు అతనిని భారతదేశములోని ఫ్రెంచి సేనలన్నిటికిని అధిపతిగా పంపెను. లాలీ ధైర్యశాలి, నిష్కపటి, కాని ముక్కోపి. ఈ దేశమును ఎరుగడు, ఎరుగవలెనని కోరనూ లేదు. ముందు ఇంగ్లీషువారిని మద్రాసునుండి వెళ్లగొట్టవలెను, దక్కను సంగతి తరువాత చూడవచ్చునని అతని నిశ్చయము. బుస్సీని సైన్యముతో వెంటనే రమ్మని ఆజ్ఞాపించెను.

ఆ ఆజ్ఞ బుస్సీకి పిడుగుపాటు వంటిది. తాను దక్కనును విడిచిన మరునాడే శత్రువులు తలలెత్తుదురని అతనికి తెలియును. ఐనను అతడు సైనికుడు, ఆజ్ఞను జవదాటలేదు. సలాబతు జంగు అతనిని సాగనంపుచు తీవ్రముగ దుఃఖించెనని చరిత్రకారులు వ్రాసిరి. సర్కారులను, బందరు కోటను కొత్తగా వచ్చిన కాన్‌ఫ్లాన్ అను సేనానికి అప్పగించి బుస్సీ దక్షిణమునకు తరలెను. లాలీని కలిసికొన్న పిమ్మట దక్కనును విడువవలదని ఎంతగానో నచ్చజెప్ప జూచెను. లాలీ వినలేదు. పైపెచ్చు, బుస్సీ తన సంపదను కాపాడుకొనుటకే అట్లు చెప్పుచున్నాడని అనుమానించెను. బుస్సీ నిజముగనే ధనవంతుడై యుండుట ఆ అనుమానమునకు బలమిచ్చెను. దీనికి భిన్నముగా, లాలీ సైన్యములోని ఆరుగురు కర్నలులు, బుస్సీ హోదాలో తమకంటె తక్కువవాడైనను, అతనిని తమపై అధికారిగా నియమింపుడని స్వయముగా కోరిరి. సైన్యములలో అట్టి కోరిక అరుదు.

బుస్సీ భయపడినదంతయు ఆరు నెలలలో జరిగెను. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురు తిరిగి, విశాఖపట్టణమును పట్టుకొని, వంగదేశమున నున్న క్లైవునకు కబురంపెను. క్లైవు కర్నలు ఫోర్డును ఓడలపై పంపెను. 1758 డిసెంబరున పిఠాపురము దగ్గర చందుర్తి యుద్ధమున ఫోర్డు కాన్‌ఫ్లానును ఓడించెను. కాన్‌ఫ్లాన్ గుర్రమెక్కి రాజమహేంద్రవరమునకు, అటనుండి బందరునకు పారిపోయి కోటలో దాగెను. ఫోర్డు వెన్నంటి వచ్చి 1759 మార్చి నెలలో కోటను ముట్టడించెను.

ముట్టడించినవాని స్థితి ముట్టడింపబడినవాని స్థితికంటె దయనీయముగ నుండెను. ఫోర్డు వద్ద యూరోపియనులు 350 మందికి మించరు. సిపాయిలు సుమారు 1,400. కోటలోనివారు అంతకంటె ఎక్కువ. ఫోర్డు చేత ధనము లేదు. దోపిడి సొమ్ములో వాటా కావలెనని అతని తెల్ల సైనికులే ఒకనాడు ఆయుధములు దించి తిరుగబడిరి. వెనుక రాజమహేంద్రవరమును మరియొక ఫ్రెంచి దళము తిరిగి పట్టుకొనెను. సలాబతు జంగు పెద్ద సైన్యముతో వచ్చి బెజవాడలో దిగెను. పుదుచ్చేరినుండి ఫ్రెంచి ఓడలు సహాయమునకు వచ్చుచున్నవను వార్తయు వినవచ్చెను. ఏప్రిలు మొదట గాలివాన కురిసి బురదను మరింత మెత్తన చేసెను. పదునైదు దినములు ఫిరంగులు కాల్చిన పిమ్మట ఫోర్డు వద్ద మందుగుండు రెండు దినములకు మాత్రమే మిగిలెను.

వెనుకకు తిరిగినను నాశనమే కనుక ఫోర్డు ముందుకు పోవ నిశ్చయించెను. ఏప్రిలు 7వ తేదీ అర్ధరాత్రి సముద్రము పాటు మీద నుండి, కందకములో నీరు తగ్గి మూడడుగులకు దిగునని లెక్క వేసికొనెను. అట్లే ఆ రాత్రి మూడు వైపుల అలజడి లేపించెను. ఆనందరాజు జనులు గట్టుబాట మీదుగా వచ్చి పెద్ద ధ్వనితో కాల్పులు సాగించిరి. కెప్టెను నాక్సు నైరుతి దిక్కున, బురదలో ఎవ్వరును నడువలేరని కోటవారు నమ్మియున్న చోట, సిపాయిలతో దిగి కాల్చెను. బురదలో త్రోవ కలదని ముందుగనే కొందరు అడుగు వేసి చూచియుండిరి. అసలు సేన ఈశాన్యపు బురుజుకు చేరి, కందకము దాటి, ఫిరంగిదెబ్బలకు కూలిన గండిలో నుండి పైకెక్కెను. కాన్‌ఫ్లాన్‌కు ఏ వైపునుండి నిజమైన దాడి జరుగుచున్నదో తెలియలేదు. ఒక బురుజునుండి మరియొక బురుజుకు ఆజ్ఞలు పంపుచుండగనే బురుజులన్నియు ఒకటి తరువాత ఒకటి పోయెను. తెల్లవారకముందే అతడు లొంగిపోయెను. సుమారు 500 మంది యూరోపియనులు, 2,500 మంది సిపాయిలు మున్నగువారు, 120 ఫిరంగులు ఇంగ్లీషువారికి చిక్కెను. పట్టుకొన్నవారికంటె పట్టువడినవారే ఎక్కువ. తొమ్మిదేండ్ల క్రిందట ఒక రాత్రి ఫ్రెంచివారికి చిక్కిన బందరు మరియొక రాత్రి వారి చేజారెను.

సహాయపు ఓడలు కొన్ని దినములకే తీరమున కనబడెను. కోటపై పరుల జెండాను చూచి తొలగిపోయెను. బెజవాడలో నున్న సలాబతు జంగునకు ఇక ఏమి చేయవలెనో తోచలేదు. ఒక వంక తమ్ముడు నిజామలీ హైదరాబాదుపై కన్నువేసి యుండెను. 1759 మే 14వ తేదీన అతడు ఫోర్డుతో సంధి చేసికొని, బందరును, దాని చుట్టుపట్ల సీమలను ఇంగ్లీషువారికి ఇచ్చి, ఫ్రెంచివారిని తన దేశమునుండి వెడలగొట్టుటకు ఒప్పుకొనెను. బుస్సీ చేత సింహాసనమెక్కినవాడే బుస్సీ పనిని రద్దు పరచెను. దానికతనిని తప్పు పట్టలేము. కాపాడుదునన్నవాడు ఎంతో దూరమున ఉండెను. కోటను పట్టినవాడు వాకిట నిలిచియుండెను.

ఆ సమయమున బుస్సీ లాలీతో పాటు మద్రాసు ముట్టడిలో విఫలుడై, జీతములు లేక తిరుగబడు సైనికుల నడుమ దినములు గడుపుచుండెను. లాలీ ఆశించిన మద్రాసు చిక్కలేదు. అందుకై వదలుకొన్న తెలుగు తీరమును మిగులలేదు. 1760 జనవరి 22వ తేదీన వందవాసి యుద్ధమున బుస్సీ గుర్రము కూలగా, కొద్దిమంది సైనికులతో కాలినడకన పోరాడుచు ఇంగ్లీషువారికి బందీ అయ్యెను. శత్రువులు అతనిని మర్యాదగ చూచి విడిచిపెట్టిరి. అతడు స్వదేశమునకు పోయెను. లాలీని ఫ్రెంచి ప్రభుత్వము రాజద్రోహియని విచారించి 1766వ సంవత్సరమున శిరచ్ఛేదము చేయించెను. బుస్సీ మాత్రము సంపన్నుడై, మార్క్విసు బిరుదముతో, ఇరువది యేండ్లు సుఖముగ జీవించెను.

అంతటితో నిలిచిన బాగుండెడిది. కాని 1780 తరువాత ఫ్రాన్సునకు ఇంగ్లండునకు యుద్ధము జరుగుచుండగా, భారతదేశమున పేరు గలవాడెవ్వడని వెదకిన ప్రభుత్వమునకు బుస్సీ ఒక్కడే తోచెను. 1783వ సంవత్సరమున అతడు సేనలతో మరల తమిళ తీరమున దిగెను. జింజిని రాత్రికి రాత్రి ఎక్కిన ఆ యువకుడు ఇప్పుడు కీళ్లవాతముతో బాధపడు వృద్ధుడు. హైదరాబాదులో అతడెరిగిన దర్బారు లేదు. సలాబతు జంగు ఏనాడో తమ్ముని చెరలో కన్నుమూసెను. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి పాలనలో నుండెను. కడలూరు కోటలో నుండి అతడు ఇంగ్లీషు సైన్యము నెదిరించుచుండగనే యూరపులో సంధి కుదిరినదని వార్త వచ్చెను. బందరున ఫ్రెంచివారికి ఒక చిన్న వర్తకస్థానము మాత్రమే దక్కెను. అదియే పరాసుపేట. ఆ స్థానముపై ఫ్రెంచివారి హక్కు 1947వ సంవత్సరము వరకు నిలిచెను. బుస్సీ 1785 జనవరి నెలలో పుదుచ్చేరిలో మరణించెను.

బందరు కోట అతని తరువాత ఎనుబది యేండ్ల వరకు ఇంగ్లీషు సిపాయిలకు నెలవై యుండెను. శత్రువుల భయము తొలగినకొలది అందలి ఫిరంగులకు పని లేకపోయెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో కూడిన ఉప్పెన వచ్చి బందరును, చుట్టుపట్ల గ్రామములను ముంచెను. ఆ ఒక్క రాత్రి సుమారు 30,000 మంది మరణించిరి. పదమూడడుగుల ఎత్తున వచ్చిన నీరు కోట గోడలను దాటెను. ఆపై ప్రభుత్వము అచ్చట సైన్యమునుంచుట మాని కోటను విడిచిపెట్టెను. పాయలో ఇసుక మేట వేసెను. రేవు వర్తకము క్రమముగ కాకినాడ, విశాఖపట్టణములకు తరలిపోయెను. కోట యిటుకలు ఊరి ఇండ్లకు పోయినవి కొన్ని, నేలలో కలిసినవి కొన్ని. మిగిలిన కట్టడములను పురావస్తుశాఖ రక్షిత చిహ్నములుగ ప్రకటించినది. కోట చుట్టు నున్న పర్రలు మాత్రము నాటివలెనే యున్నవి. వానకాలమున అచ్చట దిగినవారి కాలు నేటికిని మోకాలు దాక దిగబడును.